చెప్పిన చోటు, ఉన్న చోటు: కదిలే రిసీవర్లతో ఓడల జాడ

సభలోని పెద్దలకూ, విద్యార్థి మిత్రులకూ నమస్కారం. సముద్రంలో ఉన్న ఓడ ఎక్కడుందో దాన్ని అడగకుండానే, దాని నుంచి వెలువడే రేడియో తరంగాలను బట్టి ఎలా తెలుసుకుంటారన్నది ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే విషయం. ప్రత్యేకించి, వినే పరికరం తానే కదులుతున్నప్పుడు ఏమవుతుందన్నది. కొలిచేవాడు కదిలితే కొలత చెడుతుందని మనకు అనిపించడం సహజం. ఈ విద్యలో మాత్రం ఆ కదలిక వల్లనే స్థానం బయటపడుతుంది. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ముందుగా, అడగకుండా తెలుసుకోవలసిన అవసరం ఏమిటో చూద్దాం. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మంచుకొండను ఢీకొన్న తర్వాత, నాలుగో అధికారి బాక్స్‌హాల్ లెక్కగట్టిన స్థానాన్ని రేడియో ఆపరేటర్లు ప్రసారం చేశారు: 41 డిగ్రీల 46 నిమిషాల ఉత్తర అక్షాంశం, 50 డిగ్రీల 14 నిమిషాల పశ్చిమ రేఖాంశం. 1985లో రాబర్ట్ బల్లార్డ్, జాన్ లూయీ మిషెల్ నాయకత్వంలోని బృందం ఓడ శిథిలాలను కనుక్కున్నప్పుడు అవి అక్కడికి తూర్పుగా సుమారు 13 నాటికల్ మైళ్ల దూరంలో ఉన్నాయి. సాయానికి బయలుదేరిన కార్పాథియా అనే ఓడ ఆగ్నేయ దిశ నుంచి వస్తూ ఉండటం వల్ల, చెప్పిన చోటికి చేరకముందే దానికి లైఫ్‌బోట్లు ఎదురయ్యాయి. అదే అది పడమటి నుంచి వచ్చి ఉంటే ఖాళీ సముద్రంలో వెతుకుతూ ఎంతసేపు గడిపేదో ఊహించుకోండి. ఆ రాత్రి ప్రసారమైన ప్రతి తరంగమూ ఓడ ఉన్న చోటు నుంచే బయలుదేరింది. తరంగం మోసుకెళ్లిన అంకెలు మాత్రం మరో చోటును చెప్పాయి. తరంగం వచ్చిన దారిని బట్టి చోటును తేల్చే సాధనం కార్పాథియా మీద లేదు.

నూట పదేళ్లు గడిచినా ఈ తేడా పోలేదు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు, ఆపైబడిన ఓడలన్నీ ఇప్పుడు ఏఐఎస్ అనే పరికరాన్ని పెట్టుకోవాలి. 161.975, 162.025 మెగాహెర్ట్జ్‌ల మీద అది తన గుర్తింపు సంఖ్య, స్థానం, వేగం, దిశ కొన్ని సెకన్లకోసారి చెబుతూ ఉంటుంది. ఎదురెదురుగా వచ్చే ఓడలు ఢీకొనకుండా చూడటానికి పుట్టిన ఏర్పాటు కనుక, అందులో ప్రతి ఓడా నిజమే చెబుతుందన్న నమ్మకం మూలంలోనే ఉంది. 2021 జూన్‌లో బ్రిటిష్ యుద్ధనౌక డిఫెండర్, డచ్ యుద్ధనౌక ఎవర్ట్‌సెన్ ఉక్రెయిన్‌లోని ఒడెసా రేవులో లంగరు వేసి ఉండగా, ఏఐఎస్ పటాల్లో మాత్రం అవి రాత్రికి రాత్రి బయలుదేరి సెవస్తోపోల్‌లోని రష్యా నౌకా స్థావరం దగ్గరికి వెళ్లినట్టు కనిపించింది. ఒడెసా రేవులోని వెబ్ కెమెరాలు ఆ రాత్రంతా రెండు ఓడలూ కట్టిన చోటే ఉన్నట్టు చూపించాయి. రేవులో కెమెరా ఉంది కాబట్టి సరిపోయింది. నడిసముద్రంలో కెమెరా ఎవరు పెడతారు? అక్కడ సాక్ష్యం చెప్పగలిగేది తరంగం ఒక్కటే.

తరంగం వచ్చిన దిశను కనుక్కోవడం పాత విద్యే. తీరం మీద రెండు చోట్ల యాంటెన్నాలు పెట్టి, రెండు దిశాగీతలు గీసి, అవి కలిసిన చోట ఓడ ఉందని చెప్పేవారు. దీనితో చిక్కు దూరంతో వస్తుంది. దిశలో ఒక్క డిగ్రీ తప్పు పోతే 200 కిలోమీటర్ల దూరాన అది మూడున్నర కిలోమీటర్ల తప్పవుతుంది. 2,000 కిలోమీటర్ల దూరాన 35 కిలోమీటర్లవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ మీద బ్రిటిష్ నౌకాదళానికి ఈ దూరమే పెద్ద అడ్డంకి. జర్మన్ జలాంతర్గాములు ఓడల గుంపును చూడగానే ప్రధాన కార్యాలయానికి రేడియోలో కబురు పెట్టేవి, ఆ కబురు మీద మిగతా జలాంతర్గాములు అక్కడికి చేరేవి. కబురు కొన్ని సెకన్లలో ముగుస్తుంది కాబట్టి ఎవరూ దిశ పట్టలేరని జర్మన్లు నమ్మారు. బ్రిటిష్ వారు రెండు పనులు చేశారు. బ్రిటిష్ శాస్త్రవేత్త వాట్సన్-వాట్ 1920లలోనే రూపొందించిన పద్ధతిలో, యాంటెన్నాను చేత్తో తిప్పే పని లేకుండా, తరంగం అందిన క్షణంలోనే దాని దిశ క్యాథోడ్ కిరణ గొట్టం మీద గీతగా కనిపించే ఏర్పాటును వాడుకున్నారు. రెండోది, నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది, ఆ రిసీవర్‌ను తీరం నుంచి తీసి కాపలా ఓడల మీదికి ఎక్కించారు. దాంతో వినేవాడు శత్రువుకు కొన్ని పదుల మైళ్ల దూరంలోకి వచ్చేశాడు. ఒకే గుంపులో రెండు ఓడలకు ఈ పరికరం ఉంటే రెండు గీతలు అక్కడికక్కడే కలిసేవి, కాపలా ఓడ ఒకటి ఆ దిక్కుకు పరుగెత్తేది. యుద్ధచరిత్రల్లో రాడార్‌కు దక్కినంత పేరు ఈ పరికరానికి దక్కలేదు. అది అన్యాయమని నా అభిప్రాయం.

ఓడ నెమ్మదిగా కదులుతుంది. అదే రిసీవర్‌ను విమానం మీద పెడితే ఒక్క రిసీవరే రెండు స్టేషన్ల పని చేస్తుంది. గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం పది నిమిషాల్లో దాదాపు 117 కిలోమీటర్లు దాటుతుంది. ఆ దారి పొడవునా తీసుకున్న దిశాగీతలు అన్నీ ఒక చోటికి వచ్చి చేరతాయి. అప్పటిదాకా ఓడ రేడియో వాడుతూ ఉండాలన్నది ఇందులోని షరతు.

ఉపగ్రహం దగ్గరికి వచ్చేసరికి లెక్క మొత్తం మారుతుంది. ఎందుకంటే దాని వేగం తరంగాన్నే కొలవదగినంతగా మారుస్తుంది. 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లైడ్ ఫిజిక్స్ ప్రయోగశాలలో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు 20 మెగాహెర్ట్జ్ దగ్గర వినిపించే దాని కూతను రికార్డు చేశారు. ఉపగ్రహం దగ్గరికి వస్తున్నంతసేపు పౌనఃపున్యం ఎక్కువగా, దాటిపోయాక తక్కువగా అందుతుంది. డాప్లర్ మార్పు అనే ఈ మార్పు గీతను మాత్రమే పట్టుకుని స్పుత్నిక్ కక్ష్య మొత్తం లెక్కగట్టవచ్చని వారు చూపించారు. వారి పైఅధికారి ఫ్రాంక్ మెక్లూర్ ప్రశ్నను తిరగేశాడు. వినేవాడి చోటు తెలిస్తే కక్ష్య తెలిసినప్పుడు, కక్ష్య తెలిస్తే వినేవాడి చోటు తెలియదా? అందులోంచి ట్రాన్సిట్ అనే నౌకాయాన ఉపగ్రహ వ్యవస్థ వచ్చింది. దాన్ని మరోసారి తిరగేస్తే మన విషయం వస్తుంది: కక్ష్య తెలిసిన ఉపగ్రహంలో రిసీవర్ ఉంటుంది, చోటు తెలియని ఓడలో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. మూడింటిలోనూ గణితం ఒక్కటే.

ఆ గణితంలో నాకెంతో ఇష్టమైన మెట్టు ఒకటి ఉంది, దాని దగ్గర కాస్త ఆగుతాను. రైలు పట్టాలకు ఆనుకుని నిలబడ్డవాడికి ఇంజన్ కూత దాటిపోయే క్షణాన ఒక్కసారిగా దిగిపోతుంది. అదే రైలును నాలుగు పొలాల అవతల నిలబడి వినేవాడికి కూత మెల్లగా, సాగదీసినట్టు దిగుతుంది. అంటే కూత దిగే తీరులోనే దూరం దాగి ఉంది. అంకెల్లో చూద్దాం. 850 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు దాదాపు 7.4 కిలోమీటర్ల వేగంతో పోయే ఉపగ్రహానికి, కింద 406 మెగాహెర్ట్జ్‌ల మీద ప్రసారం చేసే బీకన్, అంటే ఆపదలో సాయం కోరే చిన్న రేడియో పరికరం, మొదట వినిపించేటప్పుడు సుమారు 9 కిలోహెర్ట్జ్ ఎక్కువగా, చివర వినిపించేటప్పుడు అంతే తక్కువగా అందుతుంది. ఉపగ్రహం సరిగ్గా బీకన్ నెత్తి మీదుగా పోతే, అతి దగ్గరగా వచ్చిన క్షణంలో పౌనఃపున్యం సెకనుకు దాదాపు 77 హెర్ట్జ్ చొప్పున పడిపోతుంది. పక్కగా, 2,000 కిలోమీటర్ల దూరం నుంచి దాటితే సెకనుకు 32 హెర్ట్జ్ దాకా మాత్రమే పడుతుంది. గీత అన్నిటికంటే నిటారుగా ఉన్న క్షణం, ఉపగ్రహం ఓడకు ఎదురుగా వచ్చిన క్షణాన్ని చెబుతుంది. ఆ నిటారుతనం ఎంతన్నది పక్క దూరాన్ని చెబుతుంది. ఓడ అసలు ఏ పౌనఃపున్యం మీద ప్రసారం చేసిందో ముందుగా తెలియకపోయినా ఫర్వాలేదు, అదీ ఆ గీత మధ్యలోనే దొరుకుతుంది. ఒకే ఒక రిసీవర్, దిశ చూపే యాంటెన్నా కూడా లేకుండా, ఇంత చెబుతుంది.

ఇందులో ఒక సందిగ్ధం మిగులుతుంది. పక్క దూరం తెలిసింది గానీ, ఉపగ్రహం దారికి ఎడమ పక్కనా, కుడి పక్కనా? భూమి తిరగకుండా ఉంటే ఈ ప్రశ్నకు జవాబు దొరికేది కాదు. భూమి తిరుగుతున్నందువల్ల ఎడమ పక్కనున్న ఓడకూ, కుడి పక్కనున్న ఓడకూ వక్రం ఆకారంలో అతి స్వల్పమైన తేడా వస్తుంది. రెండు చోట్లకూ విడివిడిగా వక్రాన్ని లెక్కగట్టి, కొలతలకు ఏది బాగా అతుకుతుందో చూసి తేలుస్తారు. ఆ స్వల్ప తేడా కనిపించాలంటే బీకన్ పౌనఃపున్యం ఏమాత్రం తొణకకూడదు. 406 మెగాహెర్ట్జ్ బీకన్ల పౌనఃపున్యం పదో వంతు సెకను వ్యవధిలో వంద కోట్లలో రెండు వంతులకు మించి చలించకూడదన్న నిబంధన అందుకే పెట్టారు. అంత ఖచ్చితత్వం లేని పాత 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లతో స్థానం సుమారు 20 కిలోమీటర్ల తేడాతో వచ్చేది. వాటిని ఉపగ్రహాలతో వినడం 2009 ఫిబ్రవరి 1న ఆపేశారు. కొత్తవాటితో తేడా 5 కిలోమీటర్ల లోపుకు వచ్చింది.

ఈ సూత్రం మీద నడిచే కాస్పాస్-సార్‌శాట్ వ్యవస్థను సోవియట్ యూనియన్, అమెరికా, కెనడా, ఫ్రాన్స్ కలిసి మొదలుపెట్టాయి. ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న రోజుల్లో, ఆపదలో ఉన్న మనిషి ఎవరైనా సరే వెతుకుదామని ఈ దేశాలు చేతులు కలపడం నాకు ఇప్పటికీ గొప్ప విషయంగానే అనిపిస్తుంది. తొలి సోవియట్ ఉపగ్రహం 1982 జూన్ 30న కక్ష్యలోకి వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూలిన ఒక చిన్న విమానపు జాడను అది పట్టి ఇవ్వగా ముగ్గురు బతికి బయటపడ్డారు.

బీకన్ ఉద్దేశపూర్వకంగా పిలుస్తుంది, పద్ధతిగా పిలుస్తుంది. పిలవాలన్న ఉద్దేశం లేని ఓడ సంగతి వేరు. ఏఐఎస్‌ను ఆపేసిన ఓడ కూడా చీకట్లో రాడార్ లేకుండా నడవలేదు, సాటి ఓడతో వీహెచ్‌ఎఫ్ రేడియోలో మాట్లాడకుండా ఉండలేదు. అయితే ఆ ప్రసారాలు ఒక్క సెకనో, అంతకంటే తక్కువో ఉంటాయి. డాప్లర్ వక్రం మొత్తం గీయడానికి చాలవు. పైగా ఓడ కదులుతోంది. ఒకే ఉపగ్రహపు డాప్లర్ లెక్కలో ఓడ వేగాన్ని ఒక్క నాట్ తప్పుగా అనుకున్నా స్థానం సుమారు 400 మీటర్లు పక్కకు పోతుంది. ట్రాన్సిట్ వాడిన నావికులకు ఇది బాగా తెలుసు.

అందుకు విరుగుడు, ఒకే తరంగాన్ని ఒకేసారి రెండు మూడు ఉపగ్రహాలతో వినడం. తరంగం రెండు ఉపగ్రహాలకు చేరిన సమయాల్లో తేడా 200 మైక్రోసెకన్లు ఉందనుకోండి. కాంతి మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది కాబట్టి, ఓడ ఒకదానికంటే మరోదానికి 60 కిలోమీటర్లు దగ్గరగా ఉందన్నమాట. అలాంటి తేడా వచ్చే బిందువులన్నీ కలిస్తే సముద్రం మీద అతిపరావలయం లాంటి ఒక గీత ఏర్పడుతుంది. రెండు ఉపగ్రహాలకు అందిన పౌనఃపున్యాల తేడా మరో ఆకారంలో రెండో గీతను ఇస్తుంది. ఈ రెండో గీత పుట్టింది పూర్తిగా రిసీవర్ల కదలిక వల్లనే. ఉపగ్రహాలు ఆకాశంలో నిశ్చలంగా నిలబడి ఉంటే ఆ గీతే లేదు. రెండు గీతలు ఖండించుకున్న చోట ఓడ ఉంటుంది. ఓడ ఎత్తు ఎంతన్న ప్రశ్న రాకపోవడం ఇక్కడ మనకు కలిసొచ్చిన అదృష్టం. విమానమైతే దాని ఎత్తు మనకు తెలియదు, ఓడ మాత్రం సముద్ర మట్టం మీదే ఉంటుంది. మూడో సమీకరణాన్ని సముద్రమే ఇస్తోంది. గీతలు ఒకటికంటే ఎక్కువ చోట్ల ఖండించుకుంటే ఏది నిజమో మూడో ఉపగ్రహం తేలుస్తుంది. ఆ మూడూ ఒకే వరుసలో ఉండకుండా చూడాలి, ఎందుకంటే ఒకే వరుసలో ఉన్న మూడో సాక్షి మొదటి ఇద్దరు చెప్పిన దాన్నే దాదాపుగా మళ్లీ చెబుతాడు.

రాడార్ సంకేతం విషయంలో ఇది ఎంత కష్టమో ఒక్కసారి దగ్గరగా చూపిస్తాను. ఓడ రాడార్ యాంటెన్నా సుమారు రెండున్నర సెకన్లకు ఒకసారి చుట్టు తిరుగుతుంది. దాని కిరణపుంజం వెడల్పు దాదాపు ఒక్క డిగ్రీ. అంటే ఏ ఉపగ్రహం మీదనైనా ఆ పుంజం నిలిచేది 7 మిల్లీసెకన్లు. సెకనుకు వెయ్యి పల్స్‌లు పంపే రాడార్ అయితే ఉపగ్రహానికి అందేది ఏడు పల్స్‌లు. మరో ఉపగ్రహం 150 కిలోమీటర్లు పక్కన ఉందనుకోండి. 1,500 కిలోమీటర్ల దూరంలోని ఓడ నుంచి చూస్తే ఆ రెండింటి మధ్య దాదాపు 6 డిగ్రీల ఎడం ఉండవచ్చు, కనుక పుంజం రెండో ఉపగ్రహం మీదికి వచ్చేసరికి 40 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. రెండూ బలంగా విన్నవి వేర్వేరు పల్స్‌లన్నమాట. యాంటెన్నా పక్కలకు కారే బలహీనమైన శక్తిని కూడా పట్టగలిగితేనో, పల్స్‌ల మధ్య వ్యవధుల క్రమాన్ని పోల్చి ఏ పల్స్‌కు ఏది జోడీయో తేల్చగలిగితేనో తప్ప సమయాల తేడా తీయడం కుదరదు. జోడీ ఒక్క పల్స్ తప్పితే వచ్చే తప్పు వందల కిలోమీటర్లు.

అమెరికా నౌకాదళం కోసం 1976 నుంచి పార్కే అనే పేరుతో జట్లు జట్లుగా ఎగిరిన ఉపగ్రహాలు సోవియట్ ఓడలను ఇలాగే గమనించేవి. ఆ సంగతిని అక్కడి ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది 2023లో. ఈలోగా 2018 డిసెంబర్ 3న హాక్‌ఐ 360 అనే ప్రైవేటు సంస్థ మూడు చిన్న ఉపగ్రహాలను ఒకే జట్టుగా ఎగరేసి, రహస్యంగా సాగిన ఈ విద్యను వ్యాపారంగా మార్చింది. ఫ్రాన్స్‌కు చెందిన అన్‌సీన్‌ల్యాబ్స్ 2019లో తన తొలి ఉపగ్రహాన్ని పంపింది. ఒక్క ఉపగ్రహంతోనే ఓడ స్థానం చెప్పగలమని ఆ సంస్థ అంటోంది. మన శ్రీహరికోట నుంచి 2019 ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సీ45 మీద వెళ్లిన 436 కిలోల ఎమిశాట్‌ను విద్యుదయస్కాంత వర్ణపటాన్ని కొలిచే ఉపగ్రహమని ఇస్రో ప్రకటించింది. అంతకుముందే 2011లో వెళ్లిన రిసోర్స్‌శాట్-2 ఓడల ఏఐఎస్ సంకేతాలను వినే పరికరాన్ని మోసుకెళ్లింది.

ఏఐఎస్ సంకేతం విషయంలో ఒక చక్కని అవకాశం ఉంది. ఆ సంకేతం చెప్పే అంకెలు ఒకటి, ఆ సంకేతమే మోసుకొచ్చే డాప్లర్ మార్పు మరొకటి. ఓడ నిజంగా తాను చెప్పిన చోటే ఉంటే ఉపగ్రహానికి ఎంత మార్పు కనబడాలో ముందే లెక్కగట్టవచ్చు. కనబడిన మార్పు దానికి సరిపోకపోతే అంకెలు అబద్ధం. సందేశాన్ని దొంగతనంగా మార్చడం సులువు. ఆకాశంలో పోతున్న ప్రతి రిసీవర్‌కూ దాని వేగానికి తగ్గట్టుగా వేర్వేరు డాప్లర్ మార్పును ఏకకాలంలో కల్పించి పంపడం ఒక్క ట్రాన్స్‌మిటర్ వల్ల అయ్యే పని కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వార్తాపత్రికల పటాల్లో ఇలా కనుక్కున్న ఓడను ఒక చుక్కగా వేస్తారు. లెక్కలో వచ్చేది చుక్క కాదు, దీర్ఘవృత్తం. గీతలు లంబంగా ఖండించుకుంటే అది చిన్నదిగా, ఒకదాని పక్కన ఒకటి దాదాపు సమాంతరంగా పోతే సన్నగా, పొడవుగా వస్తుంది. ఆ దీర్ఘవృత్తం ఒక దేశపు జలాల సరిహద్దును అటూ ఇటూ తాకుతున్నప్పుడు, ఓడ సరిహద్దు దాటిందని రాసేయడం తప్పు. ఏఐఎస్ ఆగిపోయిన ప్రతి ఓడా దొంగ ఓడ కూడా కాదు. సముద్రపు దొంగల భయం ఉన్న చోట కెప్టెన్ దాన్ని ఆపవచ్చు. చిన్న పడవలకు అది ఉండాలన్న నిబంధనే అన్ని చోట్లా లేదు. 2008లో ముంబైపై దాడి చేసినవారు కుబేర్ అనే చేపల బోటును చేజిక్కించుకుని వచ్చారు. అలాంటి బోట్లు ఏ జాడా ఇవ్వకుండా తిరగగలవన్న సంగతి మన తీర రక్షణ వ్యవస్థకు అప్పుడే కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ తర్వాతే 20 మీటర్లకు మించిన బోట్లకు ఏఐఎస్ తప్పనిసరి చేసే ప్రయత్నం మొదలైంది. రేడియో వాడని పడవను ఏ ఉపగ్రహమూ వినలేదు. అక్కడ రాడార్ చిత్రాలూ, గస్తీ విమానాలూ కావలసిందే.

ఈ తీరంలో మాట్లాడుతూ మన మత్స్యకారుల ప్రస్తావన లేకుండా ముగించలేను. నిఘా కోసం ఎంత డబ్బు పోసినా, ఈ విద్య విలువను నేను కొలిచేది ఇంజన్ ఆగిపోయి, తుపాను గాలికి కొట్టుకుపోతున్న బోటుతోనే. అలాంటి బోటు తాను అనుకున్న చోటు నుంచి గంటగంటకూ దూరమవుతూ ఉంటుంది. సరంగు చివరిసారిగా చెప్పిన చోటు మర్నాటికి పనికిరాదు. బీకన్ 5 వాట్ల శక్తితో, 50 సెకన్లకోసారి, అర సెకను పాటు పలుకుతుంది. ఓడల మీద ఉండే బీకన్ బ్యాటరీ కనీసం 48 గంటలు నిలవాలి. ఓడ మునిగిపోతే నీటి ఒత్తిడికి దాని బిగింపు దానంతటదే ఊడి బీకన్ పైకి తేలుతుంది. మన దేశంలో దాని సంకేతాన్ని బెంగళూరు, లక్నోల్లోని ఇస్రో స్టేషన్లు అందుకుంటాయి; బెంగళూరులోని నియంత్రణ కేంద్రం కోస్ట్ గార్డ్‌కు కబురు పంపుతుంది.

పాత తక్కువ ఎత్తు ఉపగ్రహాల లోపం ఏమిటంటే, అవి నెత్తి మీదికి వచ్చేదాకా ఎదురుచూడాలి; భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనవంటి వారికి ఆ నిరీక్షణ ధ్రువ ప్రాంతాలకంటే ఎక్కువ. 2016 డిసెంబర్ నుంచి జీపీఎస్, గెలీలియో, గ్లోనాస్ ఉపగ్రహాల మీద అమర్చిన రిసీవర్లను కూడా ఈ పనికి వాడటం మొదలుపెట్టారు. దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నందువల్ల ఏ క్షణంలోనైనా అనేక ఉపగ్రహాలకు బీకన్ కనిపిస్తుంది. ఇందాక రాడార్ విషయంలో చెప్పిన సమయాల తేడా, పౌనఃపున్యాల తేడా అనే రెండు గీతల లెక్కనే ఇక్కడ ప్రాణరక్షణకు వాడుతున్నారు. కొన్ని నిమిషాల్లోనే స్థానం తేలుతుంది, బీకన్‌లో జీపీఎస్ లేకపోయినా, ఉండి చెడిపోయినా.

చివరగా బోటు యజమానులు గుర్తుంచుకోవలసిన ఒక విషయం. ప్రతి బీకన్ తన ప్రసారంలో ఒక గుర్తింపు సంఖ్యను పంపుతుంది. అందులో మన దేశపు సంకేతం 419. ఆ సంఖ్య ఏ బోటుదో, యజమాని ఎవరో, ఏ ఫోనుకు చెప్పాలో నమోదై ఉంటేనే నియంత్రణ కేంద్రం ఒక్క ఫోన్‌తో అది నిజమైన ఆపదో, పొరపాటున నొక్కిన మీటో తెలుసుకోగలదు. బోటు చేతులు మారినప్పుడు బీకన్ కూడా దానితోపాటే పోతుంది, నమోదు మాత్రం పాత యజమాని పేరు మీదే ఉండిపోతుంది. కాబట్టి బోటు కొన్నవారు, అమ్మినవారు ఇద్దరూ ఆ వివరాలను బెంగళూరు కేంద్రం దగ్గర వెంటనే మార్పించాలి.